నలభై ఐదు వేళ్లు, ఒక్క ఫోను

నేను లెక్కల టీచర్‌ని. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత మీరు నవ్వుకోవడానికి వీలుగా ఉంటుంది. నందిగామలో ఇరవై ఏళ్లుగా సరి సంఖ్యలు, బేసి సంఖ్యలు చెప్పి చెప్పి గొంతు అరిగిపోయిన మనిషిని. అయినా ఆ ఆదివారం మా చర్చిలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటో రెండు రోజుల దాకా నాకే అంతుపట్టలేదు.

మా చెల్లెలు జగ్గయ్యపేటలో అంగన్‌వాడీ టీచరు. చిన్నప్పటినుంచీ పాడుతుంది. చర్చిలో పాడుతుంది, పెళ్లిళ్లలో పాడుతుంది, ఎవరైనా పోతే సమాధి దగ్గరా పాడుతుంది. తను కట్టిన పాటలు ఓ పాతిక దాకా నోట్‌బుక్కులో ఉన్నాయి. ఒక్కటీ రికార్డయిన పాపాన పోలేదు. ఈ మధ్య క్రైస్తవ పాటల వెబ్‌సైటు ఒకటి పోటీ పెట్టింది. సొంతంగా రాసిన పాటను ఫోన్లో పాడి పంపాలి. ఎక్కువ ఓట్లు వచ్చిన పది పాటల్ని విజయవాడలో స్టూడియోకి పిలిచి, తబలా కీబోర్డులతో రికార్డు చేయిస్తారట.

"నాకెందుకులే అక్కా, కుర్రాళ్లు పాడుకునేయి అయ్యి" అని నసిగింది.

"నోరు మూసుకుని పంపవే. ఓట్ల సంగతి నేను చూసుకుంటా" అన్నాను. గొప్పలు పోవడంలో నా తర్వాతే ఎవరైనా.

పంపింది. అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోయే వేళ చూసుకుని, అక్కడే కూర్చుని పాడి పంపింది. దానికి యాభై దగ్గర పడుతున్నాయి. తన పాట ఆ పదింటిలో ఉండాలని నాతో పైకి అనలేదు గానీ, రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి "ఎన్నో నెంబర్లో ఉందక్కా?" అని అడిగేది. పన్నెండో నెంబర్లో ఉంది.

శనివారం నేను ఆ పేజీ తెరిచి, పాట పక్కనున్న గుండె బొమ్మ మీద నొక్కాను. 'ఓటు వేయడానికి లాగిన్ అవ్వండి' అంది. పేరు అడిగింది, ఫోన్ నెంబరు అడిగింది, ఈమెయిలు అడిగింది, పుట్టిన తేదీ కూడా అడిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. చెల్లెలికి ఓటేయడానికి నా పుట్టిన తేదీ ఎందుకు వీళ్లకి, పెళ్లి సంబంధం చూస్తారా? అసలు ఓటంటే ఎవరికి వేశామో కట్టుకున్నవాడికి కూడా తెలియకూడదంటారు కదా. ఇక్కడేమో నువ్వెవరో చెబితే గానీ బటన్ ముట్టుకోనివ్వరు. పాస్‌వర్డు పెడితే చిన్నదంది, పొడుగ్గా పెడితే అంకె లేదంది. ఓటీపీ మూడోసారికి వచ్చింది. మొత్తానికి పేజీ పైన నా పేరు కనిపించింది. గుండె ఎర్రబడింది. అరవై ఒకటి కాస్తా అరవై రెండయింది. గెలిచినంత సంబరపడ్డాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ గారిని అడిగితే ఐదు నిమిషాలు ఇచ్చారు. ఆడవాళ్లందరినీ ఆగమన్నాను. కొందరి ఫోన్లు ఇంట్లో ఉన్నాయి, కొందరివి మొగుళ్ల జేబుల్లో ఉన్నాయి. కొందరివి బటన్ ఫోన్లు. ఇంతమందిని లాగిన్ చేయించాలంటే క్రిస్మస్ దాకా పడుతుంది. నా ఫోన్లో ఎలాగూ లాగిన్ అయ్యే ఉంది కదా! కానుకల సంచి వరస వెంట చేతులు మారుతూ వెళుతుంది చూడండి, అలా నా ఫోను పంపాను.

"ఎర్రగా అయిందండి టీచర్ గారూ" అంది మొదటి వరసలోంచి రెండో ఆమె.

"నాకు తెల్లగా అయిందేంటండి? పర్లేదా?" అంది పక్కనున్నామె.

"ఏ రంగైనా పర్లేదమ్మా, వేలు పడిందా లేదా?" అని కసిరాను.

ఒక పెద్దామె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని మరీ నొక్కింది. నేను గుమ్మం దగ్గర నిలబడి మనుషుల్ని లెక్కపెట్టాను. నలభై ఐదు మంది. చివరగా నొక్కింది మా క్వయిర్ నడిపే ఆవిడ. ఫోను నా చేతికిచ్చి "వందనాలండి" అంది.

చూస్తే అరవై ఒకటి.

కళ్లు నలుపుకున్నాను. పేజీ మూసి తెరిచాను. అరవై ఒకటే. నలభై ఐదు మంది నొక్కితే పెరగకపోతే పెరక్కపోయింది, ఒకటి తగ్గడమేమిటి? నాకు అయోమయంగా ఉంది. అప్పుడు నా బుద్ధి ఎటు పోయిందంటే, నేరుగా ఆ క్వయిర్ ఆవిడ మీదకి పోయింది. మా చెల్లెలి పాటలంటే ఆవిడకి మొదటినుంచీ పడదు. ఏ బటన్ నొక్కిందో ఏమో అనుకుని, ఆవిడ వందనానికి బదులు కూడా చెప్పకుండా చెప్పులేసుకుని వచ్చేశాను.

ఇంటికొచ్చి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నెట్ సరిగ్గా లేదు, అంతమందివి ఒక్కసారిగా ఎక్కాలంటే టైమ్ పట్టదూ? చెల్లెలికి ఫోన్ చేసి "నలభై ఐదు వేయించానే, రేపటికి ఎక్కుతాయి" అన్నాను.

"నలభై ఐదే! నిజంగానా అక్కా?" అంది. వెంటనే పొయ్యి మీద పాలున్నాయంటూ పెట్టేసింది. ఎప్పుడూ ఫోన్ పెట్టమన్నా పెట్టని మనిషి. సంతోషం పట్టలేక పెట్టేసిందేమో అనుకున్నాను.

సోమవారం సాయంత్రం ఆరుకి ఓటింగ్ ఆగిపోయింది. మా చెల్లెలి పాట పదకొండో నెంబర్లో ఉంది. దానికీ పదో పాటకీ మధ్య తేడా మూడు ఓట్లు.

మంగళవారం స్కూల్లో మా కంప్యూటర్ టీచరు దగ్గర గోల పెట్టాను. వెబ్‌సైటు మోసం అన్నాను, నలభై ఐదు ఓట్లు మింగేశారన్నాను. ఆ అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "అందరూ మీ ఫోన్లోనే నొక్కారా మేడమ్?" అని అడిగింది.

"నా ఫోన్లోనే."

"లాగిన్ మీ పేరు మీదే ఉందా?"

"ఇంకెవరి పేరు మీద ఉంటుంది? అది సరే, అసలు లాగిన్ ఎందుకమ్మా వాళ్లకి?"

"బూత్‌లో స్లిప్పు చూసి వేలికి సిరా పెడతారు కదా మేడమ్. ఒక మనిషి రెండుసార్లు వేయకుండా. లాగిన్ అంటే ఆ సిరా చుక్కే. నొక్కిందెవరో దానికి కనబడదు. మీ పేరు మీద ఎన్ని వేళ్లు పడినా అది మీరే అనుకుంటుంది." అక్కడ కాస్త ఆగింది. "ఇంకోటి మేడమ్. ఒకసారి నొక్కితే ఓటు పడుతుంది. మళ్లీ నొక్కితే వెనక్కి తీసుకున్నట్టు. ఎర్రగా అయితే పడినట్టు, తెల్లగా అయితే పోయినట్టు."

నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. శనివారం నాది ఒకటి, ఆదివారం నలభై ఐదు. మొత్తం నలభై ఆరు. సరి సంఖ్య. ఇంతమందీ వేశారు, తీశారు, వేశారు, తీశారు. ఆఖరికి నా ఓటు కూడా మిగల్లేదు. పాపం ఆ క్వయిర్ ఆవిడ మంచి మనసుతో నొక్కిన నొక్కుడికే అది కాస్తా పోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికెళ్లి "వందనాలండి" అన్నాను. ఎందుకొచ్చానో ఆవిడకి అర్థం కాలేదు. చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

బుధవారం స్కూలు అవగానే జగ్గయ్యపేట బస్సెక్కాను. చెల్లెలు వాకిట్లో కూర్చుని గోరుచిక్కుళ్లు తుంచుతోంది. తిడుతుందనుకున్నాను. "పోన్లే అక్కా, పదకొండు మాత్రం తక్కువా?" అంది. అని తలెత్తకుండానే, "ఓటేసిన వాళ్ల పేర్లు పాట కిందే ఉంటయ్యి తెలుసా? రోజూ చదువుకునేదాన్ని. శనివారం నీ పేరుంది. ఆదివారం మధ్యాహ్నం చూస్తే లేదు" అంది.

నేను చేతిలో సంచి కింద పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను.

"పాట విన్నాక నచ్చలేదేమో, అందుకే తీసేసిందేమో అనుకున్నా. నువ్వేమో సాయంత్రం ఫోన్ చేసి నలభై ఐదు వేయించానంటివి. ఏది నమ్మాలో తెలీలా."

"ఒసే పిచ్చిదానా!" అని జరిగిందంతా చెప్పాను. కానుకల సంచి దగ్గర నవ్వడం మొదలెట్టింది, సరి సంఖ్య దగ్గరికొచ్చేసరికి కళ్లనీళ్లు తుడుచుకుంటోంది. "లెక్కల టీచరువి, నువ్వేందక్కా!" అంది. నా ప్రాణం లేచొచ్చింది.

టీ తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. "అయితే పాట బాగుందా?" అని అడిగింది.

"బాగుండకేం?"

"మధ్యలో ఒకచోట ఆగా కదా. ఎబ్బెట్టుగా ఉందేమోనని భయపడ్డా."

"అబ్బే, ఆగినట్టు తెలియనే తెలియలేదే" అన్నాను.

"అవునా" అంది. గ్లాసు తీసుకుని లోపలికెళ్లింది. తర్వాత పిల్లల కబుర్లు చెప్పింది, ఎండు మిరపకాయలు పొట్లం కట్టిచ్చింది, బస్సు దాకా వచ్చింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ పాట నేను అప్పటిదాకా వినలేదు. దాని గొంతు నాకు తెలియనిదా అనుకున్నాను. బటన్ నొక్కాను, నొక్కించాను. పాట మాత్రం ఒక్కసారీ పెట్టుకోలేదు. రెండో చరణంలో ఎవరో పసివాడు లేచి ఏడ్చాడు. చెల్లెలు పాట ఆపేసి, "ఓ ఓ, లేదు నాన్నా, పడుకో" అని జోకొట్టింది. వాడు సద్దుమణిగేదాకా, నిమిషం పైనే, జోకొడుతూనే ఉంది. ఆ తర్వాత వాడికి వినబడేలా మెల్లగా, ఆపిన చోటునుంచే మిగతా పాట పాడింది. అంత బాగా అది పాడగా నేనెన్నడూ వినలేదు. చెవులున్న ఎవరికైనా ఆ ఆగడం తెలుస్తుంది. బస్సు చిల్లకల్లు దాటకముందే పాట అయిపోయింది.

గుండె బొమ్మ మీద వేలు పెట్టాను. 'ఓటింగ్ ముగిసింది' అని వచ్చింది. నేను వినలేదని వాకిట్లోనే చెల్లెలికి తెలిసిపోయింది. తెలిసీ బస్సు కదిలేదాకా నిలబడి, నవ్వుతూ చెయ్యి ఊపింది.