టీతో మింగిన మాత్ర

పిడుగురాళ్ల సున్నపు బట్టీలో రాళ్లు ఏరే తిరుపతమ్మకు ఏ పనికైనా ఒక వేళ ఉండాలి. ఐదో నెలలో రక్తం తక్కువుందని నర్సు ఐరన్ మాత్రలిచ్చి రోజుకు రెండు వేసుకోమంటే, వాటికీ అట్లాగే వేళ పెట్టుకుంది. బట్టీ దగ్గరికి పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి టీ క్యాను వస్తుంది. గొంతులో దుమ్ము దిగాలని ఆడవాళ్లంతా పని ఆపి కూర్చుంటారు. ఆ టీతోనే మాత్ర మింగేది. మరిచిపోయే మాటే లేదు.

ఆరో నెల పరీక్షలోనూ రక్తం ఎనిమిది దగ్గరే ఉంది. పదకొండైనా ఉండాలంది నర్సు. ఇట్లాగే ఉంటే కాన్పులో కాస్త రక్తం పోయినా తల్లికి ప్రమాదమని, వచ్చే నెలకూ పెరగకపోతే నరసరావుపేటలో చేర్చి నరానికి మందు ఎక్కించాలని చెప్పింది.

అత్త పిచ్చమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏమే, బిళ్ళలు బట్టీలో పారేస్తన్నావా ఏంది?"

"ఒక్కటీ మానలా అత్తా. కొండమ్మక్కనడుగు, రోజూ ఆమె పక్కనే కూర్చుని టీతో మింగుతన్నా."

నర్సు రాయడం ఆపింది. "టీతోనా?"

టీ తాగితే మాత్రలో ఇనుము ఒంటికి సరిగా పట్టదట. టీకీ మాత్రకీ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలని, నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటే ఇంకా మంచిదని చెప్పింది.

ఆ నెలంతా ఇంట్లో అదే ధ్యాస. తిరుపతమ్మ టీ మానేస్తే, మా టీలో విషం కలిపామా అని కొండమ్మ ఎగతాళి చేసింది. పిచ్చమ్మ రోజూ సాయంత్రం కోడలి కింది రెప్ప లాగి చూసి, ఎర్రబడిందని సంబరపడేది.

"అది రక్తం కాదత్తా. సున్నం పడి కన్ను మండుతంది."

లారీ తోలే మొగుడు బ్రహ్మాజీ ఏ ఊరి నుంచి ఫోన్ చేసినా తిన్నావా అని అడగడం మానేసి, రెప్ప సంగతే అడిగేవాడు.

ఏడో నెల పరీక్ష రోజు నర్సు వేలికి సూది గుచ్చి, రక్తపు చుక్క మిషన్లో పెట్టింది. అత్తాకోడళ్లిద్దరూ దాని మీదికి వంగారు. వెలుతురు రావడంలేదు, జరగమంది నర్సు. తొమ్మిది పాయింట్ నాలుగు.

తిరుపతమ్మ ఇంకోసారి చెప్పించుకుంది. పేటకు పోనక్కర్లేదని, మాత్రలు మాత్రం మానొద్దని నర్సు అంటుండగానే ఫోన్ మోగింది.

"రోడ్డు పక్కన బండి ఆపా. ముందు సంగతి చెప్పు," అన్నాడు బ్రహ్మాజీ.

"తొమ్మిది దాటింది. పేట పన్లేదంట."

అవతల లారీ హారన్ మోగింది, ఆగకుండా.

ఫోన్ దూరంగా పట్టుకుని నవ్వుతున్న కోడలితో పిచ్చమ్మ అంది: "ఆపమనవే, లోపల బిడ్డ అదిరిపోద్ది."