కాలికెక్కని మిలటరీ బూట్లు

అడవి ఆఫీసులో కాపలాకు వాచర్లను తీసుకుంటున్నారని తెలిసేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. ఆ పనికి వాళ్ళు అక్షరాలు అడగలేదు, బూట్లు అడిగారు. బూట్లు తొడుక్కొని మాచర్ల నుంచి అడవి లోపలి గుడిసె దాకా నడిచి, పొద్దుగూకేలోపు తిరిగి రావాలి. బూట్లు లేనివాడు వరసలో నిలబడే పని లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం అది. పిడుగురాళ్లలో సున్నపురాయి కొట్టి, బట్టీలో కాల్చి, కాలిన రాయిని గంపలకెత్తే పని మాది. నేనూ మా అన్నా అక్కడే పెరిగాం. సున్నపు పొడి ముక్కులోంచి లోపలికి పోతే ఇక బయటికి రాదు. మా అన్న అంతకు ముందు చలికాలమే పోయాడు. దగ్గి దగ్గి పోయాడు. చివరికి మంచం మీద లేచి కూర్చోవాలన్నా ఇద్దరు పట్టుకోవలసి వచ్చేది. ఆయన పోయిన కొద్ది రోజులకే నాకూ దగ్గు మొదలైంది. నేను దగ్గినప్పుడల్లా నా భార్య చేస్తున్న పని ఆపి నిలబడేది. ఆమె అట్లా నిలబడటం చూస్తే నాకు మా అన్న మంచం గుర్తొచ్చేది.

అడవి పని వస్తే బట్టీ వదిలేయవచ్చు. అంతకు మించి నా బుర్రలో ఏమీ లేదు.

నరసరావుపేట సంతలో మిలటరీ బూట్లు కుప్పపోసి అమ్ముతున్నారంటే రైలెక్కి పోయాను. కుప్పంతా వెతికితే నా పాదం పొడవుకు సరిపోయిన జత ఒక్కటే దొరికింది. వెడల్పుకు మాత్రం సరిపోలేదు. పుట్టింది మొదలు ఉత్తకాళ్ళతో రాళ్ళ మీద తిరిగిన పాదం నాది. వేళ్ళు విసనకర్రలాగా విడిపోయి ఉంటాయి.

"తొడుగన్నా, నాలుగు రోజులు నడిస్తే అదే సాగుద్ది" అన్నాడు అమ్మేవాడు. వాడి కాళ్ళకు చెప్పులు కూడా లేవు.

రోజూ పని దిగాక కారంపూడి దారిన నడిచేవాణ్ణి. మొదట బొబ్బలు లేచాయి. తర్వాత పగిలాయి. పొద్దున పనిలోకి దిగితే వాటిలో సున్నం పడేది. చెమట పట్టిన పుండు మీద సున్నం పడితే ఎట్లా ఉంటుందో రాసి చెప్పలేను. దారిలో మావాళ్ళు ఎదురైతే ఊరుకునేవాళ్ళు కాదు.

"ఏంది దొరా, గుర్రాన్ని యాడ కట్టేసొచ్చావ్?"

"గుర్రం ఎందుకురా, ఆ కుంటుడు చూడు. నాడాలు ఈయనకే కొట్టినట్టున్నారు."

నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఏడుపొస్తుంది.

మా గూడెం చివర చెప్పులు కుట్టే తాత ఉండేవాడు. బూట్లు తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. లోపల చెయ్యి పెట్టి చానాసేపు తడిమాడు.

"నాకు చెప్పు తెలుసురా, బూటు తెలవదు. చెప్పు యాడ ఒరుస్తందో కంటికి కనపడుద్ది. ఇది లోపలేం చేస్తందో ఎవుడికి తెలుసు? ఆముదం పట్టిస్తా ఉండు. నెలకి మెత్తబడుద్ది."

"నెల లేదు తాతా. వారమే ఉంది."

"అయితే కాళ్ళు చెక్కించుకో" అన్నాడు.

అప్పుడు నాకు క్వారీ పని గుర్తుకొచ్చింది. పెద్ద బండను పగలగొట్టాలంటే వరసగా గుంటలు తొలిచి, వాటిలో ఎండు తుమ్మ మేకులు దిగ్గొట్టి నీళ్ళు పోస్తాం. కర్ర ఉబ్బుతుంది. తెల్లారేసరికి బండ విడిపోయి ఉంటుంది. ఆ మేకులే నాలుగు తెచ్చి, వేళ్ళు ఒరుసుకునే చోట రెండు బూట్లలోనూ బిగించి, తడిగుడ్డ కుక్కి నీళ్ళు పోశాను.

"రాయీ తోలూ ఒకటేనా?" అంది నా భార్య.

"రాయే లొంగుతుంది. తోలెంత?"

తెల్లారి చూస్తే కుడి బూటు కుట్టు పొడుగూతా విచ్చుకుపోయింది. ఎడమది ఏమీ కాలేదు. పైగా పొద్దెక్కి ఎండకు ఆరాక ఇంకా గట్టిపడింది.

తాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. తిడుతూనే ఆ చీలికలో మేకతోలు ముక్క పెట్టి కుట్టాడు. తొడిగి చూస్తే కుడి పాదం హాయిగా కూర్చుంది. నా జన్మలో మొదటిసారి బూటు అంటే ఏమిటో తెలిసింది.

"ఎడమది కూడా కోసెయ్ తాతా."

"కోస్తా. కోసినాక ఏం పెట్టి కుట్టేది, నా చర్మమా? ఉన్న ముక్క అయిపోయింది."

కొత్త తోలు వచ్చే లోపలే అడవి ఆఫీసు వాళ్ళ నడక పరీక్ష రోజు వచ్చింది.

పోయేటప్పుడు బాగానే పోయాను. గుడిసె దగ్గర అందరూ బూట్లు విప్పి కాళ్ళు చాపుకున్నారు. నేను విప్పలేదు. విప్పితే ఎడమది మళ్ళీ ఎక్కదని తెలుసు. తిరుగుదారిలో ఆ కాలు నాది కాదనుకొని నడిచాను. పొద్దు ఉండగానే మాచర్ల చేరాను. నా వెనక ఇంకా మనుషులు ఉన్నారు. పని వచ్చినట్టే అనుకున్నాను.

అడవి ఆఫీసు రేంజరుగారు అందరినీ బూట్లు విప్పమన్నారు. నా ఎడమ పాదానికి చుట్టిన గుడ్డతో పాటు చర్మం ఊడి వచ్చింది.

"రేపు తెల్లారి అడవిలోకి పోవాలి. పోగలవా?"

"పోతానండి."

"ఏదీ, గేటు దాకా నడువు."

నడిచాను. కుంటకుండా నడిచాను. తిరిగొచ్చేసరికి ఆయన నన్ను చూడటం లేదు, నేల మీద నా అడుగులు పడిన చోట చూస్తున్నారు.

"కాలు మాననీ. ఈసారి తీసుకున్నప్పుడు కబురు చేస్తాం" అన్నారు. ఆ మాటకు అర్థం తెలియడానికి చదువు అక్కర్లేదు.

బూట్లు మెడలో వేసుకొని రైల్లో ఇంటికొచ్చాను. నా భార్య నా కాలు చూసి, కడగడానికి నీళ్ళు కాచింది.

బట్టీలో పని ఇంటి లెక్కన ఇస్తారు. మనిషి పడిపోతే ఆ ఇంట్లోంచి ఇంకొకరు రావాలి. రాకపోతే ఆ చోటు వేరే ఇంటికి పోతుంది. ఆ కాలితో నేను సున్నంలో అడుగు పెట్టలేను. పొద్దున్నే ఆమె నా బూట్లలో పాత గుడ్డలు కుక్కి తొడుక్కుంది.

"నువ్వు పోవద్దు" అన్నాను.

"మరెవురు పోతారు? మీ అన్న లేచొస్తాడా?"

మూతికీ ముక్కుకూ పైట బిగించి చుట్టుకోమన్నాను. చుట్టుకుంది. బట్టీ ముందు ఆ వేడికి ఊపిరాడక, నేనూ మా అన్నా ఏనాడూ మూతికి గుడ్డ ఉంచుకోలేదు. ఆమె మాత్రం ఎంతసేపు ఉంచుకోగలదు?