కువైట్ కళ్లతో కొన్న కారు

నా భర్త కువైట్‌లో, అర్దియాలోని ఒక గ్యారేజీలో ఇరవై ఆరేళ్లు మెకానిక్‌గా పనిచేశాడు. నేను జాబ్రియాలో ఒక ఇంట్లో పనిచేస్తాను. శుక్రవారం సెలవు. ఆ ఒక్కరోజే ఖైతాన్‌లో ఆయన గదికి వెళ్తాను.

మోకాళ్లు పట్టేస్తుండటంతో, ఇక్కడ పని ఖలాస్ చేసుకుని ఊరికి పోదామన్నాడు. పాత అంబాసిడర్ ఒకటి కొని, బాగుచేసి, రాయచోటిలో పెళ్లిళ్లకు బాడుగకు తిప్పితే ఇద్దరికీ కూడు దొరుకుతుందని ఆయన లెక్క.

నెల్లూరు పక్కన ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి నా తమ్ముడు వెళ్లాడు. వీడియోలో చూపించాడు.

"బావా, పెండ్లికూతురు మాదిరి ఉండాది సూడు!"

"నీ పెండ్లాన్ని సూసొచ్చినప్పుడు గూడా ఇట్లనే అంటివి. ముందు డాష్‌బోర్డు చూపీరా."

డాష్‌బోర్డు మీద ఒక్క పగులు లేదు. తలుపు రబ్బరు నొక్కమన్నాడు.

"మెత్తగుండాదా?"

"వెన్న మాదిరి ఉండాది బావా."

పైకప్పు రంగు, సీట్ల కుట్లు అన్నీ చూశాడు. ఆయన మొహం విప్పారింది. కువైట్‌లో కారును చంపేది ఎండ. డాష్‌బోర్డు పగులుతుంది, రబ్బరు పొడి అవుతుంది, రంగు తెల్లబోతుంది. ఇవి మూడూ బాగుంటే బండి బాగున్నట్టే. ఇన్నేళ్లూ ఆయన పాత బండ్లను అట్లాగే తూచాడు.

"నీడలో పెట్టి సాకినారు మే దీన్ని" అన్నాడు నాతో. కిందికి దూరి చూడమని ఆయన అనలేదు. నాకూ తోచలేదు. వాన నీళ్లకు బండి అడుగు తుప్పు పడుతుందన్న సంగతే మాకు మరపున పడింది.

డబ్బు పంపి కారు కొనిపించాడు. ఆ వారమే, పోతున్నానని తన వీసా యజమాని కఫీల్‌కు చెప్పేశాడు. నేనూ మా ఇంటి యజమానురాలు మామాకు చెప్పాను.

కారు లారీ మీద రాయచోటి చేరింది. అక్కడి మెకానిక్ జాకీ పెట్టి లేపబోతే కారు లేవలేదు. జాకీయే రేకును చీల్చుకుని లోపలికి పోయింది. అతను బండంతా చూసి, మాకు మెసేజ్ పంపాడు.

ఆయనకు చదువు రాదు. నాకూ యాభై దాటాకే వచ్చింది, ఖైతాన్‌లో పక్కగది ఆమె శుక్రవారాలు కూర్చోబెట్టి నేర్పితే. కూడబలుక్కుంటూ చదివాను. అడుగు రేకు లేదు. బరువు మోసే పట్టీలు రెండువైపులా కుళ్లిపోయాయి. వెల్డింగ్ పట్టదు. వరద నీళ్లలో రోజులకొద్దీ నానిన బండి. రబ్బర్లు, డాష్‌బోర్డు, రంగు అన్నీ తర్వాత కొత్తగా వేసినవి.

"పట్టీలకాడ మళ్లా చదువు."

చదివాను.

"నిదానంగా చదువు మే."

"నిదానంగానే చదివితినయ్యా."

నాకు అక్షరాలు రాకపోయుంటే ఆ మాటలు ఇంకెవరి నోటి నుంచో వినేవాడు కదా అనిపించింది.

మర్నాడు కఫీల్ దగ్గరికి వెళ్లాడు. ఆయన జాగాలో అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. కార్లు కడిగే పని ఉంది, చేస్తావా అని అడిగాడట కఫీల్. చేస్తానన్నాడు. ఇక్కడ ఉండటానికి ఇంకో రెండేళ్లకు ఇఖామా పర్మిట్ కట్టించుకున్నాడు.

నేను కూడా పోవడం లేదని మా మామాకు చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. మంచిదని తలూపి, ఇస్త్రీ చేయాల్సిన బట్టలు చూపించింది.