ఫ్రిజ్ పక్కన సుద్దగీతలు

టైలరు తాతయ్య ఇంట్లో ఎవరు ఫ్రిజ్ తీసినా ఆయన కళ్లద్దాల పైనుంచి ఒక చూపు పడుతుంది. మనవరాలు వయసుకు తగ్గట్టు ఎదగడం లేదని డాక్టరమ్మ రాసిన హార్మోను ఇంజక్షను అందులోనే ఉంటుంది. మందు పొడిలో నీళ్లు కలిపాక రెండు నుంచి ఎనిమిది డిగ్రీల్లోనే ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. కలిపే నీళ్ల సీసాకు తెరిచిన తేదీ రాసిన కాగితం అంటించి, దాని అంచు ఎవరైనా లేపారేమోనని రోజూ గోటితో తడిమి చూస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం లోపలి థర్మామీటరు తొమ్మిది చూపించింది.

"మందు పాడైతే పిల్ల గతేంటి? ఎవరో ఊరికే తలుపు తీస్తున్నారు" అంటూ తాతయ్య కోడల్ని అనుమానించాడు. కోడలు వంటకని తీసిన కూరలు చూపించింది. కొడుకును అనుమానించాడు. కొడుకు పొద్దుటి నుంచీ ఇంట్లోనే లేడు.

అప్పుడు నాన్నమ్మ ఆయన్ని ఫ్రిజ్ పక్కగోడ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన బట్టల మీద గీసే సుద్దతోనే పొద్దుటి నుంచి గీతలు పెట్టింది.

"ఈ మూడూ కోడలివి."

"మరి ఈ ఇరవయ్యారు?"

"థర్మామీటరు చూడ్డానికి మీరు తీసినవి."

తాతయ్య గీతలు రెండుసార్లు లెక్కపెట్టి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆ కాస్త సేపటికి ఫర్వాలేదని ఆమె చెప్పాక కుర్చీ తీసుకుని వరండాలోకి పోయాడు.

సాయంత్రం ఇంజక్షను వేళకు ఫ్రిజ్ తలుపు చప్పుడైంది.

"ఎంతుందమ్మా?"

"అయిదు, మామయ్యా."

తాతయ్య వరండాలోంచి తల లోపలికి పెట్టాడు.

"ఆ థర్మామీటరు సరిగ్గానే పనిచేస్తోందంటావా?"