హారన్‌కు బదులు

నాందేడ్ జిల్లాలోని మా హిమాయత్‌నగర్ నుంచి నాందేడ్‌కు చిన్న బస్సు నడిపే ఆ డ్రైవరును అందరం కాకా అనేవాళ్లం. చినుకు పడి వైపర్ వేశాడంటే చాలు, ఆయన చెయ్యి వెంటనే పాటలను ఆపేసేది. ఎవరైనా సణిగితే, "ముందుగాల చూపు, అటెన్క పాట," అనేవాడు.

ఒక మధ్యాహ్నం, జ్వరంతో కళ్లు తెరవని చెల్లెలిని ఒళ్లో పడుకోబెట్టుకుని నాందేడ్ దవాఖానాకు పోతున్నాను. కుండపోత వాన. దారిలో బ్యాటరీని నింపే డైనమో చెడిపోయింది. కాకా ఫ్యాన్లు, లోపలి లైట్లు అన్నీ ఆపేశాడు.

"ఉన్న కరెంటంత వైపర్‌కే. హారన్ గూడ కొట్ట. మీరే ఒర్రున్రి!" అన్నాడు.

కిటికీల్లోంచి తలలు బయటపెట్టి గొంతెత్తి ఒర్రాం, బర్రెల మీద తెలుగులో, లారీల మీద మరాఠీలో. రోజూ పాటల కోసం సణిగే బట్టల కొట్టు షావుకారే అందరికన్నా గట్టిగా ఒర్రాడు. కాకా అద్దం మీంచి చూపు తిప్పలేదు. వైపర్ నెమ్మదించింది గాని ఆగలేదు.

దవాఖానా ముందుకు వచ్చేసరికి వాన వెలిసింది.

"ఇగనన్న పాట పెట్టు కాకా," అన్నాడు షావుకారు.

"బ్యాటరీల పాణం లేదు సేటూ," అని కాకా తన బొంగురు గొంతుతో తానే పాట ఎత్తుకున్నాడు.

దిగడానికి భుజాన వేసుకుంటే చెల్లెలు కళ్లు తెరిచింది.

"గా పాట ఆపుమనే అక్కా," అంది.