జెండా రోజు కూర్చోబెట్టిన టీచరమ్మ

జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేస్తే చాలదు, ఆ రోజు చరిత్ర కూడా బడిలో చెప్పి తీరాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కల్లూరులో మా అమ్మాయి చదివే బడికి మమ్మల్నీ పిలిచారు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టి బయటపడ్డవాణ్ణి, మళ్ళీ పాఠమా అనుకున్నాను.

కొత్తగా వచ్చిన టీచరమ్మ మైకు పట్టుకోగానే జనం గేటు వైపు కదిలారు. పాపం, ఆమె మొదటి పాఠం ఖాళీ కుర్చీలు వినేలా ఉన్నాయి. నేనూ ఊరుకోలేదు.

“శానా సేపు పడ్తాదా మేడం? పొయ్యి మీద పప్పు పెట్టొచ్చినా.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

“తొందరగానే తేల్చేద్దాంలే అన్నా. ఓటుండేవాళ్ళంతా లేచి నిలబడండి.”

లేచాం.

“తెల్లోళ్ళ కాలంలో ఆస్తో, చదువో లేకుంటే ఓటు లేదు. ఆ రెండూ లేనివాళ్ళు కూర్చోండి.”

నేను కూర్చున్నాను. నా భార్య కూర్చుంది. చూస్తుండగానే వరసలకు వరసలు కూర్చున్నాయి. నిలబడిన కొద్దిమందిలో మా వీధి చివరి భూస్వామి నా వైపు వింతగా చూశాడు.

“ఏమప్పా, నువ్వు కూర్చుంటివే? మొన్న ఎలక్షన్లో నీ ఓటు కోసం నీ గడప అరిగేట్టు తిరిగితి కదా!”

“ఆ కాలంలోనైతే నువ్వు మా గడప యాడుందో కూడా అడిగుండవు రెడ్డీ,” అన్నాను.

“ఆయన్ను మీ గడపకు తెచ్చిన రాజ్యాంగం అమల్లోకొచ్చిన రోజే ఇది,” అంది టీచరమ్మ. “ఇప్పుడు అందరూ లెయ్యండి.”

గేటు దాకా పోయినవాళ్ళు వెనక్కి వచ్చారు. ఆమె ఇంకా చాలాసేపు చెప్పింది. మధ్యలో ఎవరో గుసగుసలాడితే, నోరు మూసుకోమని కసిరింది నేనే.