చెడని కవరుకు నేనిచ్చిన సాక్ష్యం

తిట్టి కొంపలు ముంచినవాళ్లను చాలామందిని చూశాను. మెచ్చుకుని ఫ్యాక్టరీ మూయించబోయిన మనిషిని మాత్రం ఒక్కావిడనే ఎరుగుదును. ఆవిడ రేషన్ కార్డు మా ఇంట్లోనే ఉంది.

ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఆరు. ఇప్పుడున్నంత బుద్ధి లేదు. మా మనవరాలు శిరీష మా రాయపూర్‌లోనే భన్‌పురిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేది. అక్కడ నూకల పిండితో కవర్లు చేస్తారు. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతాయట. పంటలోంచి వస్తువు తీసి, పని తీరాక మళ్లీ మట్టికే అప్పజెప్పే వ్యాపారాన్ని బయో ఎకానమీ అంటారని చెప్పింది. పిడకలు కాల్చి, ఆ బూడిదను బీరపాదుకు పోసిన మేము దానికి పేరుందని తెలియక ఊరికే చేసేశాం.

రాయపూర్ తెలుగువాళ్ల ఫేస్‌బుక్ గ్రూపులో శిరీష ఈ సంగతి రాయగానే పంచాయితీ మొదలైంది. తినే బియ్యంతో కవర్లా అని ఒకరు, నూకలే కదా అని ఇంకొకరు. మోవాలో ఉండే రిటైర్డ్ మాస్టారు ఒకాయన మాత్రం, అవి మట్టిలో కలవవనీ, ప్లాస్టిక్‌కే పచ్చరంగు వేసి అమ్ముతున్నారనీ తేల్చేశాడు. ఆ మాటకు బెల్లానికి చీమల్లా లైకులు పట్టాయి. శిరీష తెచ్చిన పెళ్లిళ్ల కేటరింగ్ ఆర్డరు ఆగింది. అది పోతే ఉద్యోగమూ పోతుందని పిల్ల కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

నేను ఊరుకుంటానా? మూడో తరగతి చదువును మూల నుంచి లాగి, ఒక్కో అక్షరం వెతికి, పప్పు మాడేదాకా కూర్చుని రాశాను:

"మాస్టారూ, నేను శిరీష నానమ్మను. అది ఇచ్చిన కవరు కడిగి, ఆరేసి, ఏడాది నుంచి వాడుతున్నాను. నా పెళ్లి పట్టుచీర అందులోనే ఉంది. ఇంకో పదేళ్లయినా దానికేం కాదు."

మా ఇంట్లో ఒక వస్తువుకు ఇంతకన్నా పెద్ద బిరుదు లేదు. మాస్టారు జవాబిచ్చాడు: "ఇంటివాళ్లే ఒప్పుకున్నారు. ధన్యవాదాలమ్మా."

గంటలో శిరీష ఫోన్.

"అరే నానమ్మా, ఏం రాశావు? మా ఫ్యాక్టరీ సేఠ్ పిలిచి అడుగుతున్నాడు."

"గట్టిదని రాశాను."

"అది పోవాలి నానమ్మా. పోవడమే దాని పని."

"పోయేదాన్ని ఎవరు కొంటారే?"

టక్కున ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం వస్తూనే నా ట్రంకుపెట్టె తెరిచింది. ఏడాదిగా నేను దాని మూత ఎత్తలేదని ఇప్పుడు మీ దగ్గర ఒప్పుకుంటున్నాను. లోపల కవరు లేదు. పట్టుచీర నిండా ఉల్లిపొరల్లాంటి పెచ్చులు, ముట్టుకుంటే పిండి. శిరీష ఫోటో తీసి గ్రూపులో పెట్టింది: "నానమ్మ పొరబడింది. కవరు మాట నిలబెట్టుకుంది."

మాస్టారు స్వయంగా వచ్చాడు. ముక్కలైతే చాలదు, మట్టిలో కలవాలన్నాడు. ఆయన ఎదుటే పెచ్చుల్ని కరివేపాకు కుండీలో పాతాం. వానలు వెళ్లాక ఆయనే తవ్వి చూశాడు. వానపాములు తప్ప ఏమీ లేవు. టీ తాగి, గ్రూపులో తను రాసింది తానే తీసేశాడు. పెళ్లిళ్ల రోజులకు ఆర్డరు తిరిగొచ్చింది.

దేన్నీ పోనివ్వకపోవడమే పొదుపనుకుని ఇన్నేళ్లు బతికాను. పని ముగించుకుని మారాం చెయ్యకుండా వెళ్లిపోయేదీ మంచి వస్తువేనని ఆ కుండీ దగ్గర తోచింది. నా వయసుకు ఆ ఆలోచన అంత చేదుగానూ లేదు.

కనుక ఆ కరివేపాకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పెట్టె తెరిచి చూడకుండా ఏ వస్తువునూ ఫేస్‌బుక్‌లో మెచ్చుకోను.

శిరీష ఇచ్చిన కొత్త కవర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. పాడవకుండా గట్టి ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచాను.